మా అరికాళ్లకు సాక్షి ఎవరు?

ఆంధ్రా ప్యారిస్ అని మురిసిపోయే తెనాలిలో, 2025 ఏప్రిల్‌లో, ఐతానగర్ నడిరోడ్డు మీద ముగ్గురు కుర్రాళ్లను కూలేసి పోలీసులు అరికాళ్ల మీద లాఠీలతో కొట్టారు. ఇద్దరు దళితులు, ఒకడు ముస్లిం. కానిస్టేబుల్ మీద దాడి చేశారన్నది వాళ్ల మీద కేసు. దాదాపు నెల తర్వాత వీడియో బయటపడితే గానీ రాష్ట్రానికి తెలియలేదు. తెలిశాక కూడా పెద్దమనుషుల చర్చంతా వాళ్లు రౌడీలా కాదా అన్నదాని చుట్టే తిరిగింది. మేం అడిగేది వేరు. ఆ సెల్‌ఫోనే లేకపోతే ఆ దెబ్బలకు సాక్ష్యం ఎక్కడుండేది?

రోడ్డు మీద కొడితే వీడియో ఉంది. తెనాలి కానివ్వండి, బాపట్ల కానివ్వండి, రేపల్లె కానివ్వండి, నాలుగు గోడల మధ్య కొడితే వీడియో తీసేదెవరు? అక్కడ మాకు మిగిలే సాక్షి ఒక్కరే. రిమాండుకు పంపే ముందు మనిషిని చూసే సర్కారు డాక్టరు.

అరికాళ్లనే ఎందుకు ఎంచుకుంటారో డాక్టర్లకు మేం చెప్పాలా? అక్కడ చర్మం మందం. తొందరగా చిట్లదు. వాపు, కమిలిన రంగు కొద్ది రోజుల్లో పోతాయి. నడిస్తే నొప్పి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతుంది. అంటే మొదటి రోజుల్లో రాయకపోతే ఇక ఆ దెబ్బ లేనట్టే. వారం తర్వాత జడ్జి ముందు కాళ్లు చాపితే ‘ఏదీ, ఏం లేదే’ అంటారు.

చట్టం లేదా అంటే ఉంది. అరెస్టయిన మనిషిని వెంటనే వైద్యాధికారి పరీక్షించాలి, ఒంటి మీద గాయాలు, హింస గుర్తులు, అవి సుమారుగా ఎప్పుడు తగిలాయో రాయాలి, కాపీ ఆ మనిషికి గానీ అతను చెప్పినవాళ్లకు గానీ ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 54వ సెక్షన్. 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో 53వ సెక్షన్. కస్టడీలో ప్రతి 48 గంటలకూ వైద్య పరీక్ష జరగాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

మరి మా బస్తీల వాళ్లకు జరిగేదేమిటి? పక్కనే పోలీసు నిలబడి ఉంటాడు. డాక్టరు తలెత్తకుండా ‘దెబ్బలేమన్నా ఉన్నాయా’ అంటాడు. స్టేషన్‌కే తిరిగి వెళ్లాల్సినవాడు ‘లేవు సార్’ అంటాడు. కాగితం మీద గాయాలు లేవని పడుతుంది. చీటీ మీద షేక్ అనో సయ్యద్ అనో ఉంటే ఆ రెండో ప్రశ్న అసలు రాదు. మా ఒంటికన్నా ముందు మా పేరును చదువుతారు.

2021 మేలో నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ అరెస్టు చేసింది. కొట్టారని ఆయన గుంటూరు కోర్టులో తన పాదాలు చూపించారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి వైద్య బృందం పైకి కనిపించే గాయాలు లేవంది. సుప్రీంకోర్టు సికింద్రాబాద్ సైనిక ఆసుపత్రికి పంపితే కాలి వేలి ఎముక విరిగిందని తేలింది. 2024లో గుంటూరులో పెట్టిన కేసులో, తప్పుడు రిపోర్టు ఇచ్చారన్న ఆరోపణపై అప్పటి సూపరింటెండెంటును కూడా నిందితుల్లో చేర్చారు. అందులో నిజానిజాలు కోర్టే తేల్చాలి. మా మాట ఒక్కటే. ఒకే మనిషి, అవే పాదాలు, రెండు ఆసుపత్రులు, రెండు మాటలు. ఎంపీకి సుప్రీంకోర్టు ఉంది, సైనిక ఆసుపత్రి ఉంది. రేపల్లెలో లారీ మీద క్లీనరుగా తిరిగే మస్తాన్‌కు ఏముంది?

2007లో మక్కా మసీదు పేలుళ్ల తర్వాత హైదరాబాదులో మా పిల్లల్ని ఎత్తుకెళ్లి హింసించారు. అది నిజమేనని మైనారిటీల కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది ఎల్. రవిచందర్ రాశారు. డాక్టరు కాగితం మీద చదవాల్సిన సంగతి మేం లాయరు నివేదికలో చదువుకోవాల్సి వచ్చింది.

భయమంటారా? మాకు తెలియని భయమా! 1985 సెప్టెంబరు 3న వరంగల్లో పౌరహక్కుల నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథాన్ని పోలీసులు ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అదే నెలలో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో వెండీ ఓర్ అనే యువ సర్కారు డాక్టరు, తను చూసిన ఖైదీల దెబ్బలన్నీ రాసిపెట్టుకుని కోర్టుకెక్కింది. కొట్టకూడదని పోలీసుల మీద ఉత్తర్వు తెచ్చింది. 1977లో పోలీసుల దెబ్బలకు చచ్చిపోబోతున్న స్టీవ్ బికోను చూసి ఏమీ లేదని రాసిచ్చిన డాక్టరే ఆమెకు పై అధికారి. ఆ ఒక్క ఆఫీసులోనే రెండు రకాల వైద్యం ఉంది. మీది ఏ రకమో మీరే తేల్చుకోండి.

హింసకు వ్యతిరేకంగా ఉన్న అంతర్జాతీయ ఒప్పందం మీద ఈ దేశం 1997లో సంతకం చేసింది. ఇప్పటికీ ఆమోదించలేదు. ఢిల్లీ ఆమోదించేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. పోలీసును గది బయట నిలబెట్టండి. చెప్పులు విప్పించి పాదాలు చూడండి. ఒంటి బొమ్మ గీసి దెబ్బ ఎక్కడుందో, ఎంత పొడవో, ఏ రంగో రాయండి. ఎలా తగిలిందని ఆ మనిషి చెప్పాడో అతని మాటల్లోనే రాయండి. ఫొటో తీయించండి. కాపీ ఇంటివాళ్ల చేతికివ్వండి. ఇస్తాంబుల్ ప్రోటోకాల్ పేరుతో 1999 నుంచి ప్రపంచానికి తెలిసిన పద్ధతి ఇదే. ఇందుకు కొత్త మిషను అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

లౌకిక మిత్రులారా, మా పండక్కి సేమ్యా తినడానికి వస్తారు, సంతోషం. మా పిల్లాణ్ణి ఆసుపత్రికి తెచ్చిన రోజున కూడా రండి. కాపీ అడగండి. మా కులపోళ్లలో, మతపోళ్లలో డాక్టర్లయినవాళ్లారా, మీకూ ఇదే మాట. ‘వాడు రౌడీషీటరు’ అని తప్పుకోకండి. మిమ్మల్ని నడవడిక సర్టిఫికెట్ అడగటం లేదు. గాయం సర్టిఫికెట్ అడుగుతున్నాం. ఐతానగర్ రోడ్డు మీద దళితుడి పాదం, ముస్లిం పాదం ఒకే లాఠీ కింద వాచాయి. ఆ వాపు కొలిచి రాయమంటున్నాం. అది దయ కాదు, మీ ఉద్యోగం.