రాత్రి పదింటికి ఒంగోలు పెద్దమ్మ

కువైట్‌లో రాత్రి పదిగంటలు. అంట్లు కడిగి, వంటగట్టు తుడిచి, మర్నాటికి శనగలు నానబోసి, నర్సాపురం దగ్గరి పల్లెటూరి మనిషి తన గదిలోకి వస్తుంది. గది అంటే ఒక మంచం, ఒక ఇస్త్రీ బల్ల, మూలన ఊరికి తీసుకెళ్లాల్సిన పెట్టె. ఆ వేళకి అమెరికాలోని డాలస్‌లో మధ్యాహ్నం రెండు. కొడుకూ కోడలూ ఆఫీసులో, మనవడు బడిలో. అరవై ఏడేళ్ల ఒంగోలు పెద్దావిడ, అంత పెద్ద ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తోచక, వంటింటి కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని ఉంటుంది. ఒకరికి పని తెమిలే వేళ, ఇంకొకరికి పనే లేని వేళ. చలికాలంలో అమెరికా వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటే ఒక గంట తేడా వస్తుంది. అప్పుడు పెద్దావిడ అన్నం కాస్త ముందే తినేస్తుంది.

నర్సాపురం మనిషి అక్క మా వీధిలోనే ఉంటుంది. ఈ స్నేహం సంగతి ఆవిడ ద్వారానే తెలిసింది.

కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. అందుకని మన క్రైస్తవులకు అక్కడ శుక్రవారమే ఆదివారం. నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఆ రోజు ఒక భాష వాళ్ల ఆరాధన ముగుస్తుంటే ఇంకో భాష వాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు సర్దుకుంటూ ఉంటారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2015లో ఆ దేశం చట్టం చేసింది, 68వ నంబరు చట్టం. సెలవు కాగితం మీద ఉంటుంది, తాళం మాత్రం ఇంటి యజమానురాలి దగ్గర ఉంటుంది. నర్సాపురం మనిషికి నెలకు రెండు శుక్రవారాలు దొరికేవి. ఆ రెండింటి కోసం మిగతా రోజులన్నీ ఓర్చుకునేది. 2020 మార్చిలో కరోనా వచ్చి మసీదులూ చర్చిలూ అన్నీ మూసేశాక ఆ రెండూ పోయాయి. ఎవరో ఫోన్లో ప్రార్థన కూడిక మొదలుపెట్టారు. దేశదేశాల్లోని తెలుగువాళ్లు అందులో చేరారు. అక్కడ కలిశారు వీళ్లిద్దరూ.

మొదట్లో పిలుపు ‘అమ్మగారూ’. పనిచేసే ఇళ్లల్లో వాడి వాడి నాలుకకు అలవాటైన మాట. ‘అమ్మగారేమిటే, నేనేమైనా నీకు జీతమిస్తున్నానా’ అందట పెద్దావిడ. అప్పటి నుంచి పెద్దమ్మ.

ఈ మాట దగ్గర ఒక క్షణం ఆగాలి. పెద్దావిడ భర్త హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నర్సాపురం మనిషి ఏడో తరగతితో చదువు ఆపేసింది. ఇద్దరూ ఒకే ఊరివాళ్లయి ఉంటే వాళ్ల మధ్య పనిమనిషి, ఇంటావిడ అనే వరస తప్ప ఇంకో వరస కుదిరేదా? నాకు అనుమానమే. సంఘాలూ వేరు. ఒంగోలావిడది బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి ఆ వైపు ఇళ్లల్లో ఇప్పటికీ నిన్న మొన్నటి విషయంలా చెప్పుకుంటారు. నర్సాపురం మనిషిది బ్రదరన్ సహవాసం. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చి గోదావరి డెల్టాలో మొదలుపెట్టిన పని అది. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన గ్రోవ్స్ అంతకుముందు బాగ్దాదులో కొన్నేళ్లు ఉన్నవాడు. బాగ్దాదు నుంచి గోదావరికి వచ్చిన మాట విన్నవాళ్ల మునిమనవరాళ్లు ఇప్పుడు బాగ్దాదు పక్క దేశంలో అంట్లు తోముతున్నారు. చరిత్రకు ఇలాంటి సరదాలు ఉంటాయి.

రాత్రి పదింటి మాటల్లో మొదట ‘వందనాలు పెద్దమ్మా’. తర్వాత ప్రార్థన అంశాలు: కొడుకు ఐటీఐ సీటు, అక్క మోకాలి నొప్పి, అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కాగితం, రెన్యువలు. ఆ తర్వాతదే అసలు సంగతి. రోజుకొక స్తుతి అంశం చెప్పాలని పెద్దావిడ పెట్టిన నియమం. పెద్దవి చెప్పకూడదు. రక్షణ, ఆరోగ్యం, పిల్లల చదువు లాంటివి చెప్తే ఒప్పుకోదు. ‘అవి అందరూ చెప్తారే, ఈరోజుది చెప్పు.’

అలా చెప్పుకున్నవాటిలో కొన్ని విన్నాను. యజమానురాలి మూడేళ్ల పిల్లాడు అన్నం చూపించి ‘అన్నం’ అన్నాడు, అరబ్బీ మాట కంటే ముందు తెలుగు మాట. ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు రొయ్యల పొడి ఇంకా రెండు స్పూన్లు మిగిలే ఉంది. దుమ్ముగాలి తగ్గాక మేడ మీద ఆరేసిన దుప్పట్లకు మంచి ఎండ వాసన వచ్చింది. అటు డాలస్ నుంచి: టమాటాలన్నీ ఉడత కొరికేసింది కానీ గోంగూర జోలికి పోలేదు, దానికీ పులుపు తెలిసినట్టుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాసంతా మంచు పడి కరెంటు పోయినప్పుడు పెద్దావిడ మూడు దుప్పట్లు కప్పుకుని, ఫోన్లో చార్జింగు అయిపోతుందేమోనని గబగబా మాట్లాడిందట. ఆ రాత్రి ఆమె స్తుతి అంశం, కోడలు తన పక్కలోకొచ్చి పడుకోవడం. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

ఫోన్ స్నేహాలు ఉత్త నీడలనీ, మనిషి ఎదురుగా లేనిది స్నేహమేమిటనీ అనేవాళ్లున్నారు. వాళ్ల భయంలో కొంత నిజముంది. దూరదేశంలో ఒంటరిగా ఉన్న ఆడమనిషికి ‘నీ గురించి దేవుడు నాకు చూపించాడు’ అని మెసేజ్ పెట్టి, వారం తిరక్కుండా కానుక పంపమని బ్యాంకు ఖాతా నంబరిచ్చే మహానుభావులూ ఈ ఫోన్లలోనే ఉన్నారు. ఈమె కూడా ఒకసారి ఇరవై దినార్లు పోగొట్టుకుంది. ఆ సంగతి అక్కకు చెప్పలేదు, పెద్దమ్మకే చెప్పింది.

అయినా, చూడకుండా చేసే స్నేహం క్రైస్తవులకు కొత్తదేమీ కాదు. కొత్త నిబంధనలో సగానికి పైగా పుస్తకాలు ఉత్తరాలే. పౌలు రోమీయులకు రాసేనాటికి రోము మొహం చూడలేదు. అయినా చివరి అధ్యాయంలో ఇరవై నాలుగు మందికి పేరుపేరునా వందనాలు చెబుతాడు. ఆ ఉత్తరం పట్టుకెళ్లింది కెంక్రేయ సంఘానికి చెందిన ఫీబే అనే ఆవిడని పండితులు చెబుతారు. చెబుతుంటే రాసిపెట్టిన తెర్తియు మధ్యలో ఊరుకోలేక తన వందనం కూడా ఒక ముక్క ఇరికించాడు. పక్కనున్నవాళ్లు ఫోను లాక్కుని ‘నేనమ్మా, బాగున్నావా’ అనడం లాంటిదే. తిమోతికి రాసిన రెండో ఉత్తరం ఇంకా నాకిష్టం. చావు దగ్గరపడిందని తెలిసి రాస్తున్న మనిషి, త్రోయలో కర్పు దగ్గర ఉంచి వచ్చిన అంగీ తెచ్చిపెట్టమంటాడు, చలికాలం రాకముందే రమ్మంటాడు. వేదాంతం మధ్యలో చలికోటు. పెద్దావిడ నియమం పౌలుకీ తెలిసినట్టే ఉంది.

కానీ గాయు అనే అతనికి ఉత్తరం రాసిన యోహాను మరో మాట అంటాడు. చెప్పాల్సింది చాలా ఉంది, సిరాతో కలంతో రాయడం ఇష్టం లేదు, త్వరలో ఎదురెదురుగా మాట్లాడుకుందామని. ఉత్తరం రాస్తూనే ఉత్తరం చాలదని ఒప్పుకోవడం.

గత సంక్రాంతికి నర్సాపురం మనిషి రెండేళ్లకోసారి దొరికే సెలవు మీద ఊరొచ్చింది. పెద్దావిడ కూడా పొలం కాగితాల పని మీద ఒంగోలొచ్చింది. ఇద్దరూ బెజవాడ స్టేషన్లో కలుసుకున్నారు. ‘ఇంత పొట్టిదానివనుకోలేదే’ అంది పెద్దావిడ. ఈమె నవ్వింది, డబ్బాలో తెచ్చిన కాజాలు ఇచ్చింది. తర్వాత గంటన్నర ప్లాట్‌ఫారం బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. రైళ్ల గురించి మాట్లాడుకున్నారు, ఎండ గురించి మాట్లాడుకున్నారు. ప్రార్థన కూడా చేసుకోలేదట, చుట్టూ జనం ఉన్నారని.

ఆ రాత్రి పదింటికి నర్సాపురం నుంచి ఒంగోలుకు ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ వెళ్లింది. వందనాలు పెద్దమ్మా, పొద్దున మిమ్మల్ని చూస్తే మాట రాలేదు, ఇప్పుడు చెబుతాను వినండి, అంటూ.