సీసాలో పులుపు... కడుపుకి చలువ

వేలెడంత ప్లాస్టిక్ సీసా. అందులో 65 మిల్లీలీటర్ల పాలు, కాస్త తీపీ కాస్త పులుపూ. రెండు గుక్కలకే ఖాళీ! జపాన్‌లో 1935లో పుట్టిన యాకుల్ట్ అది. ఒక్కో సీసాలో 650 కోట్ల మంచి బ్యాక్టీరియా ఉంటుందని చెబుతారు. ఆ లెక్క వింటే ఎవరికైనా కొనాలనే అనిపిస్తుంది. కానీ ఇంట్లో నలుగురుంటే రోజుకు నాలుగు సీసాలు. నెల తిరిగేసరికి పాల బిల్లు పక్కన మరో బిల్లు. అప్పుడు మొదలవుతుంది అసలు ప్రశ్న... ఇదేదో మనింట్లోనే, మన పండ్లతోనే చేసుకోలేమా?

చేసుకోవచ్చు. కాకపోతే దాన్నుంచి ఎంత ఆశించాలో, ఎక్కడ ఆపాలో తెలుసుకుని చేసుకోవాలి.

ముందు ఆశ సంగతి చూద్దాం. 'ప్రొబయోటిక్' అనే మాటకు 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఒక నిర్వచనం ఇచ్చాయి. బతికున్న సూక్ష్మజీవులై ఉండాలి, తగినంత మోతాదులో లోపలికి వెళ్లాలి, వెళ్లి ఆరోగ్యానికి మేలు చేయాలి. ఈ లెక్కన మనం ఇంట్లో పులియబెట్టిన పండ్లరసాన్ని ప్రొబయోటిక్ అనడానికి వీల్లేదు. అందులో ఏ రకం బ్యాక్టీరియా ఉందో, ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు? దాన్ని 'పులిసిన ఆహారం' అంటే సరిపోతుంది. అలాగని తీసిపారేయాల్సిన పనీ లేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది ఆరోగ్యవంతుల్ని రెండు జట్లు చేసి పది వారాలు పరిశీలించారు. ఒక జట్టు పీచు ఎక్కువగా తింది. రెండో జట్టు పెరుగు, కిమ్చీ, కొంబుచా లాంటి పులిసిన పదార్థాలు తీసుకుంది. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండో జట్టు పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది. ఒంట్లో వాపును సూచించే 19 రకాల ప్రొటీన్లు తగ్గాయి. చిన్న అధ్యయనమే. కానీ మన అవ్వలు వింటే 'ఇది తెలుసుకోడానికి పది వారాలు పట్టిందా?' అని నవ్వుతారు.

ఎందుకంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో పులుపు కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. రాగిపిండిని రాత్రి నీళ్లలో కలిపి పెడతారు. తెల్లారేసరికి అది పులుస్తుంది. మరిగే ఎసట్లో పోసి గరిటెతో తిప్పుతూ ఉడికిస్తారు. చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి, పక్కన ఉల్లిపాయ పెట్టుకుని తాగుతారు. ఇందులో ఒక కిటుకుంది. ఉడికించినప్పుడు రాత్రంతా పెరిగిన బ్యాక్టీరియా చచ్చిపోతుంది. చల్లారాక కలిపే మజ్జిగతో మళ్లీ కొత్త సైన్యం వస్తుంది. వేడివేడి అంబలిలో మజ్జిగ పోస్తే ఆ లాభం పోయినట్టే. సద్దన్నంలో పెరుగు వేసుకున్నా ఇంతే, పొయ్యిమీదకి ఎక్కించనంత వరకే దాని మహిమ.

ఇక పండ్ల మాటకొద్దాం. ఈ మూడు ఊళ్లూ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు అనంతపురం జిల్లాలోవి. పేరు మారినా నేల అదే. చీనీ (కోస్తావాళ్లు బత్తాయి అంటారు), దానిమ్మ, బొప్పాయి, మామిడి పండే నేల. ధర పలికినప్పుడు రైతుకు పండగ. పలకనప్పుడు రోడ్డు పక్కన కుప్పలు. అలా చవగ్గా దొరికిన రోజున రెండు కిలోలు ఎక్కువ తెచ్చుకున్నవాళ్లకు ఈ సీసా బాగా పనికొస్తుంది.

జాడీలో ఏం జరుగుతుందో అర్థం కావాలంటే ఈతచెట్టును తలుచుకోండి. పొద్దున్నే దించిన నీరా తియ్యగా ఉంటుంది. ఎండెక్కేసరికి నురగ కట్టి కల్లవుతుంది. ఇంకా వదిలేస్తే ముక్కుపుటాలు అదిరే పులుపెక్కుతుంది. పండ్లరసానికీ ఇవే దారులు. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తిని గ్యాసు, ఆల్కహాలు వదులుతుంది. లాక్టిక్ బ్యాక్టీరియా (మన పెరుగులో ఉండేది) అదే చక్కెరను పులుపుగా మారుస్తుంది. గాలి బాగా తగిలితే మూడోరకం వచ్చి ఆల్కహాలును వెనిగర్ చేస్తుంది. మనకు కావాల్సింది రెండోవాళ్ల పెత్తనం. అందుకే మొదటిరోజే వాళ్లను కాస్త ఎక్కువ సంఖ్యలో దించుతాం. ఎలాగంటారా? పెరుగు తేటతో.

ముందురోజు తోడుపెట్టిన కమ్మటి పెరుగు ఓ గిన్నెడు తీసుకుని పలచని గుడ్డలో మూటగట్టి వేలాడదీయండి. కింద గిన్నెలోకి దిగే తేట పావు కప్పు చాలు. ఒక లీటరు నీళ్లు మరిగించి పూర్తిగా చల్లార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే బ్యాక్టీరియాకు గిట్టదు, మరిగిస్తే అది పోతుంది. రెండు పెద్ద దానిమ్మల గింజల్ని పప్పుగుత్తితో మెదపండి. మిక్సీలో వేస్తే గింజ నలిగి వగరొస్తుంది. ఇవన్నీ శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో వేసి, నాలుగు పెద్ద చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు కలపండి. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, పలచని గుడ్డ కట్టి, ఎండ తగలని చోట పెట్టండి. రోజుకు రెండుసార్లు పొడి గరిటెతో కలపాలి. చిన్న బుడగలు లేచి, తీపి తగ్గి, నాలుక్కి పులుపు తగిలిన రోజున వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. నాలుగైదు రోజుల్లో తాగేయాలి.

చీనీతో చేస్తే తొక్క, తెల్లటి పొర అసలు రానివ్వకండి. చేదు మొత్తం వాటిలోనే ఉంటుంది.

తేట కూడా అక్కర్లేని పద్ధతి మెక్సికోలో ఉంది. పేరు టెపాచె. అనాసపండు తిన్నాక మిగిలిన తొక్కల్ని కడిగి, నీళ్లలో బెల్లం లాంటి ముడి చక్కెర, దాల్చినచెక్క వేసి రెండు మూడు రోజులు పులియబెడతారు. తొక్కమీద సహజంగా ఉండే ఈస్టే పని మొదలుపెడుతుంది. హిందూపురం బెల్లానికి, చింతపండుకీ పేరున్న ఊరు కాబట్టి ఇక్కడ ముడి చక్కెర కోసం వెతుక్కోనక్కర్లేదు. రుచి మాత్రం అదిరిపోతుంది. కాకపోతే ఇందులో ఈస్ట్‌దే పైచేయి. పిల్లలున్న ఇంట్లో నేనైతే తేట పద్ధతికే ఓటేస్తాను.

'ఎన్ని రోజులు?' అని అడిగితే ఒకే జవాబు చెప్పలేం. బెంగళూరు నుంచి రైల్లో వస్తుంటే ముందు హిందూపురం, తర్వాత పెనుకొండ, చివరికి ధర్మవరం వస్తాయి కదా. ఊరూరికీ వేడి పెరుగుతుంది. హిందూపురం సముద్రమట్టానికి దాదాపు 620 మీటర్ల ఎత్తున ఉంది. ధర్మవరం దానికన్నా చాలా కిందకి. మే నెలలో ధర్మవరంలో పొద్దున కలిపిన సీసా మర్నాటికే తయారై కూర్చుంటుంది. డిసెంబరులో హిందూపురంలో అదే సీసా నాలుగు రోజులు తీసుకోవచ్చు. కాబట్టి క్యాలెండర్ చూడకండి, రుచి చూడండి. ఎండాకాలంలో పూటకోసారి చూడాలి.

ఇంత పులుపు, పులుపు అని ఎందుకు పట్టుబడుతున్నానంటే కారణముంది. ఈ వ్యవహారంలో మనకు కాపలా అదే. ప్రాణాంతకమైన బొటులినం విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా, పీహెచ్ 4.6 కన్నా తక్కువుండే పులుపులో పెరగలేదు. దానిమ్మ, చీనీ, అనాస పుట్టుకతోనే పుల్లనివి కాబట్టి భయం తక్కువ. బొప్పాయి, అరటి, పుచ్చకాయ, సపోటా అలా కాదు. వాటిలో పులుపు చాలదు. 'మా పెరట్లో బొప్పాయి విరగకాసింది, దాంతో చేస్తా' అనుకుంటే లీటరుకు రెండు మూడు నిమ్మకాయలు పిండి తీరాలి. ల్యాబ్ సామాన్లమ్మే దుకాణాల్లో పీహెచ్ కాగితాలు దొరుకుతాయి. ఒక ముక్క ముంచితే రంగు చెప్పేస్తుంది. తరచూ చేసేవాళ్లు కొని పెట్టుకోవడం మంచిది.

పైన తెల్లటి పలచని పొర కడితే అది ఒక రకం ఈస్ట్. ప్రమాదం లేదు కానీ రుచి పాడవుతుంది. ఆకుపచ్చగా, నల్లగా, గులాబీ రంగులో నూగులాంటి బూజు కనిపిస్తే మాత్రం పైపైన తీసేసి తాగకండి. మొత్తం పారబోయండి. బంకగా సాగినా, కుళ్లు వాసనొచ్చినా అంతే. రెండు దానిమ్మల ఖర్చు ఆసుపత్రి ఖర్చుకన్నా తక్కువే కదా!

పాత్రల సంగతీ చెప్పుకోవాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం వద్దు. పులుపు వాటిని కరిగించి తనలో కలుపుకుంటుంది. గాజు మేలు. వడకట్టాక 'సోడాలా పొంగాలి' అని గాజు సీసాకు మూత బిగించి బయట వదిలేయడం కూడా ప్రమాదమే. లోపల గ్యాసు పెరిగి సీసా పగలొచ్చు. గ్యాసు కావాలనుకుంటే ప్లాస్టిక్ సీసాలో పోయండి. నొక్కి చూసి గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి తోసేయండి.

ఎంత తాగాలి? మొదటి వారం కాఫీ కప్పులో సగం. పొట్ట ఉబ్బరించకపోతే తర్వాత రోజుకు అర గ్లాసు. అంతకు మించి తాగితే ఎక్కువ లాభం వస్తుందనే రుజువేమీ లేదు. మధుమేహం ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బ్యాక్టీరియా చక్కెర మొత్తాన్నీ తినేయదు. నాలుక్కి తీపి తగులుతోందంటే అందులో చక్కెర ఉన్నట్టే. వాళ్లకు ఉప్పు మజ్జిగను మించింది లేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పండ్లలోని పొటాషియం చేటు చేయొచ్చు. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, రోగనిరోధకశక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. గర్భిణులు, ఏడాది నిండని పిల్లలకూ వద్దు. కొద్దిపాటి ఆల్కహాలు ఎలాగూ ఉంటుంది కాబట్టి పెద్ద పిల్లలకైనా ఒకటి రెండు రోజులకు మించి పులిసింది ఇవ్వకండి. విరేచనాలవుతున్నప్పుడు 'మంచి బ్యాక్టీరియా' అంటూ ఇది తాగించడం పొరపాటు. అప్పుడు కావాల్సింది ఓఆర్‌ఎస్.

మరి మలబద్ధకానికి? ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే పొద్దు గూకేదాకా లేవని వాళ్లుంటారు. కుట్టుమిషన్ దగ్గర, కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్లదీ అదే తీరు. నీళ్లకు బదులు టీ, నడకకు బదులు కూర్చోవడం. అలాంటి కడుపును సీసా ఒక్కటే బాగుచేయలేదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేసి ఓ గ్లాసు నీళ్లు తాగడం, రాత్రి సంగటిలోకి ఆకుకూర పప్పు, ఇవి ముందు. పండ్ల పులుపు తర్వాత. మలంలో రక్తం కనబడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇంటి చిట్కాలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే.

ఒకవేళ ఊరెళ్లి వచ్చేసరికి సీసా నోట్లో పెట్టుకోలేనంత పుల్లబడిందనుకోండి. బూజు లేకపోతే పారబోయకండి. వడకట్టి, గుడ్డ కట్టి, కొన్ని వారాలు అలాగే వదిలేస్తే వెనిగర్ అవుతుంది. దాని ఘాటెంతో కొలవలేం కాబట్టి నిల్వ పచ్చళ్లకు వాడొద్దు. సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కల మీద రెండు చెంచాలు చల్లి, పచ్చిమిర్చి, ఉప్పు కలిపితే రాగి సంగటి పక్కన భలే ఉంటుంది.