ఛాతీ మీది బొమ్మ: వెక్కిరించేవాళ్లకి ఒక జవాబు, అమ్ముకునేవాళ్లకి మూడు ప్రశ్నలు



ఏప్రిల్ వస్తుంది. నీలం టీషర్టులు వస్తాయి. వాటి వెనకాలే ఒక వెక్కిరింపు కూడా వస్తుంది. "టీషర్టు అంబేడ్కరిస్టులు" అని. "పుస్తకం చదవరు గానీ బొమ్మ మాత్రం వేసుకుంటారు" అని. "చే గువేరాని అమ్మేసిన మార్కెట్టే ఇప్పుడు అంబేడ్కర్ని అమ్ముతోంది, మీరు కొంటున్నారు" అని. ఈ మాట మన శత్రువులు అంటే నాకు పట్టింపు లేదు. మన పక్కన నిలబడి నినాదాలిచ్చే ప్రగతిశీల మిత్రులు అంటున్నారు. మన పెద్దల్లోనూ కొందరు అంటున్నారు. కాబట్టి జవాబు చెప్పాలి.

అలాగే ఈ నాలుగైదేళ్లలో చిన్న చిన్న లేబుళ్లు చాలా పుట్టాయి. బాబాసాహెబ్ కళ్లజోడు ఒక్కటే గీసినవి, సావిత్రిబాయి ముఖం ఉన్నవి, జై భీమ్ అని తెలుగు అక్షరాల్లో రాసినవి, రోహిత్ బొమ్మ ఉన్నవి. ఏది కొనాలి, ఎవరి దగ్గర కొనాలి అని విద్యార్థులు నన్ను అడుగుతూనే ఉన్నారు. అందుకే ఈ వారం రెండు పక్కలా మాట్లాడతాను.

ముందు వెక్కిరించేవాళ్ల సంగతి.

ఈ దేశంలో బట్ట ఎప్పుడూ ఉత్త బట్ట కాదు. అది కులం రాసిన చట్టం. 'కుల నిర్మూలన' తెరిచి చూడండి. 1928లో ఇండోర్ జిల్లాలో బలాయీ కులస్తులకి సవర్ణ హిందువులు పెట్టిన షరతుల్ని బాబాసాహెబ్ వరసగా రాశాడు. జరీ అంచు తలపాగా కట్టకూడదు. రంగు అంచు పంచె కట్టకూడదు. ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టుకోకూడదు, సొగసైన గౌన్లు, జాకెట్లు తొడగకూడదు. ఒప్పుకోమన్నందుకు బావులు మూసేశారు, పశువుల్ని మేతకి పోనివ్వలేదు. గమనించండి, ఇక్కడ తగువు బట్ట కట్టుకోవడం మీద కాదు. అంచు మీద. రంగు మీద. అంటే సరిగ్గా ఇవాళ మనం 'డిజైన్' అంటున్నదాని మీద.

తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడితే 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు. కప్పుకోవచ్చు అన్నాడు. కానీ పై కులాల ఆడవాళ్లు కప్పుకునే తీరులో కప్పుకోకూడదు అని మెలిక పెట్టాడు. ఒళ్లు దాచుకో, ఫర్వాలేదు. మాలాగా కనిపించకు. కులం భాషలో దీనికే 'మర్యాద' అని పేరు.

మన ఊళ్లకి రండి. ముతక నూలు బట్ట నేసి ఊరికిచ్చిన చేతులు మాలలవి. తోలు ఊని చెప్పు కుట్టిన చేతులు మాదిగలవి. ఆ చెప్పు కుట్టినవాడే దొరల వీధిలోకి వచ్చేసరికి చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకోవాలి. ఇదంతా మీ తాతల్ని అడిగితే చెప్తారు. పుస్తకం అక్కర్లేదు.

అందుకే 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడినప్పుడు చదువు గురించి ఎంత చెప్పాడో చీర కట్టు గురించీ అంత చెప్పాడు. అంటరానివాళ్లని చూడగానే గుర్తుపట్టించే ఆ కట్టూ ఆ నగలూ వదిలేయమన్నాడు. అంతకు ఆరేళ్ల ముందు, 1921లో, మదురైలో గాంధీ చొక్కా విప్పి కొల్లాయి కట్టాడు. ఉన్నవాడు విప్పితే త్యాగం అయింది. విప్పడానికి ఏమీ లేనివాడు తొడిగితే? దాన్ని అహంకారం అన్నారు. ఇవాళ మన టీషర్టుని ఫ్యాషన్ అంటున్నారు. మాట మారింది, చూపు మారలేదు.

ఇక చే గువేరా. ఈ పోలిక తెచ్చేవాళ్లు ఆ కథ పూర్తిగా చెప్పరు. 1960 మార్చిలో ఆ ఫొటో తీసింది అల్బెర్టో కోర్డా. 1968లో దాన్ని ఎరుపు నలుపు పోస్టరుగా మలిచింది ఐర్లండ్ చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌ప్యాట్రిక్. దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఆ బొమ్మ వేసుకుంది. కోర్డా ఎవరినీ పైసా అడగలేదు. చే ఆశయాన్ని మోసేవాళ్లు ఆ బొమ్మ మోస్తే ఆయనకి అభ్యంతరం లేదు. 2000లో వోడ్కా ప్రకటనకి వాడినప్పుడు మాత్రం కోర్టుకెక్కాడు. వచ్చిన డబ్బు క్యూబా పిల్లల వైద్యానికి ఇచ్చేశాడు. అంటే మోయడం వేరు, అమ్ముకోవడం వేరు అని ఫొటో తీసినవాడికే తెలుసు. మనల్ని వెక్కిరించేవాళ్లకే తెలియదు.

ఇంకో తేడా ఉంది, అసలు తేడా. చే బొమ్మ వేసుకున్నందుకు మన ఊళ్లలో ఎవరినీ కొట్టలేదు. కానీ 2015లో షిర్డీలో ఫోన్‌లో అంబేడ్కర్ పాట రింగ్‌టోన్‌గా మోగినందుకు ఒక దళిత యువకుణ్ని చంపేశారు. 2017లో గుజరాత్‌లో మీసం పెంచినందుకు మనవాళ్లని కొడితే, కిరీటం పెట్టిన మీసం బొమ్మ గీసి, కింద 'మిస్టర్ దళిత్' అని రాసి చాలామంది వాట్సాప్‌లో పెట్టుకున్నారు. అది కూడా గ్రాఫికే. 2023లో అదే గుజరాత్‌లో పాలన్‌పూర్ దగ్గర మంచి బట్టలు వేసుకుని నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడని ఒక దళితుణ్ని చితకబాదారు. మన దగ్గర 1991 చుండూరు గుర్తుందా? సినిమా హాల్లో ఒకడి కాలు ఇంకొకడికి తగిలింది అన్న దగ్గర మొదలై ఎనిమిది శవాల దాకా వెళ్లింది. కాలు సాకు. చదువుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తమతో సమానంగా బాల్కనీలో కూర్చున్న కుర్రాళ్లని చూసి ఓర్వలేకపోవడం అసలు కారణం. ఒక బొమ్మ, ఒక పాట, ఒక మీసం, ఒక చొక్కా ప్రాణం తీసే దేశంలో ఆ బొమ్మని ఛాతీ మీద వేసుకుని బస్సెక్కే పిల్లాడు మార్కెట్టుకి లొంగిపోయాడని చెప్పడానికి నోరెలా వస్తుంది?

నేను ఇదివరకు పనిచేసిన ఒక కాలేజీలో జరిగింది చెప్తాను. డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడు, హాస్టల్ విద్యార్థి, నల్ల టీషర్టు మీద బాబాసాహెబ్ కళ్లజోడు బొమ్మతో వచ్చాడు. "ఇది కాలేజీ, మీటింగు కాదు" అని ఒక సీనియర్ లెక్చరర్ ఆపాడు. తిరగేసి తొడుక్కుని రమ్మన్నాడు. పిల్లాడు బాత్‌రూమ్‌కి వెళ్లి తిరగేసుకొచ్చాడు. మెడ దగ్గర కుట్టూ లేబులూ బయటికి కనిపిస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. అదే క్లాసులో ఆ రోజు సినిమా హీరోల బొమ్మలు రెండు, తెరిచిన నోటితో పులి ఒకటి, దేవుడి బొమ్మ ఒకటి ఉన్నాయి. వాటిలో ఏదీ మీటింగ్ కాలేదు. స్టాఫ్ రూమ్‌లో అడిగాను. "డీసెంట్‌గా ఉండాలి కదా సార్" అన్నారు. ఆ 'డీసెంట్' అన్న మాటని ఇండోర్ షరతుల పక్కన పెట్టి చదవండి. తేడా కనిపిస్తే నాకు చెప్పండి.

ఇప్పుడు రెండో పక్క. ఇది మనకి మనం చెప్పుకోవాల్సింది.

ఇండిపెండెంట్ లేబుల్ అనేది ఇన్‌స్టాగ్రామ్ కనిపెట్టింది కాదు. డిసెంబరు 6న దాదర్ చైత్యభూమికి వెళ్లినవాళ్లకి తెలుసు. నాగ్‌పూర్ దీక్షాభూమికి వెళ్లినవాళ్లకి తెలుసు. ప్లాస్టిక్ పట్టా పరిచి పుస్తకాలు, పటాలు, క్యాలెండర్లు, బ్యాడ్జీలు అమ్మే మనుషులు దశాబ్దాలుగా ఉన్నారు. పెద్ద దుకాణం బాబాసాహెబ్ పటాన్ని గోడకి తగిలించని రోజుల్లో ఆ పటాన్ని మన ఇళ్లకి చేర్చింది వాళ్లే. సాహిత్యంలోనూ అంతే. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది, మద్దూరి నగేష్‌బాబు 'వెలివాడ' వచ్చింది. ఆ తరం కవులు పెద్ద ప్రచురణకర్త పిలుపు కోసం గుమ్మం దగ్గర నిలబడలేదు. అంతెందుకు, 1920లో బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టింది కూడా ఇతరుల పత్రికల్లో మన మాటకి చోటు లేకే. మన గుర్తుని మనమే అచ్చు వేసుకోవడం మన పాత అలవాటు. ఇవాళ ఒక అమ్మాయి ఫోన్‌లో బొమ్మ గీసి, వంద టీషర్టులు వేయించి, ఒక పేజీ పెట్టి అమ్ముతోందంటే ఆమె ఆ పట్టా మీది మనిషికి వారసురాలు.

కానీ అందరూ వారసులు కాదు. బాబాసాహెబ్ బతికుండగా అచ్చయిన రచనల మీద కాపీరైట్ 2016తో ముగిసింది. ఇప్పుడు ఎవరైనా ఆయన మాటని అచ్చు వేయవచ్చు. ఆయన పేరుతో కనీసం జిల్లా కేంద్రంలో విగ్రహానికి దండ కూడా వేయనివాళ్లు ఆయన ముఖంతో సరుకు వేస్తున్నారు. చట్టం ఆపదు. కాబట్టి అడగాల్సింది మనం.

మొదటి ప్రశ్న: ఎవరు గీశారు, ఎవరిది దుకాణం? 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా ఫ్యాషన్ షోలో అచ్చం కొల్హాపురీ లాంటి చెప్పులు నడిచాయి. తరతరాలుగా ఆ చెప్పు కుట్టిన కులాల పేరు ముందు ఎక్కడా లేదు. గోల అయ్యాక గానీ ఆ చెప్పు ఎక్కడిదో ఒప్పుకోలేదు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ ఇంకో దారి పట్టాడు. తిట్టుగా వాడే 'చమార్' అన్న పేరునే తన స్టూడియోకి పెట్టి, రీసైకిల్ రబ్బరుతో బ్యాగులు చేయిస్తున్నాడు. మొదటిదాంట్లో చేయి మాయమైంది. రెండోదాంట్లో చేతి పేరే బోర్డు మీదికెక్కింది. టీషర్టుకీ ఇదే కొలత. పేజీ తెరిచి చూడండి. గీసినవాళ్ల పేరు ఉందా? నడిపేవాళ్లెవరో చెప్పుకున్నారా? లేకపోతే మెసేజ్ పెట్టి అడగండి. నిజంగా మనవాళ్లయితే కోపం తెచ్చుకోరు.

రెండో ప్రశ్న: ఎవరు కుట్టారు? దేశంలో టీషర్టుల రాజధాని తిరుప్పూర్. దానికి నూలు వడికి ఇచ్చే తమిళనాడు మిల్లుల్లో 'సుమంగళి' అని ఒక పద్ధతి నడిచింది. పెళ్లికాని ఆడపిల్లల్ని మూడేళ్లు హాస్టల్లో పెట్టి పని చేయించి, చివర్లో కట్నానికి పనికొస్తుందని ఒక మొత్తం చేతిలో పెడతామనేవారు. ఆ పిల్లల్లో చాలామంది మన పిల్లలు. 2021 జనవరిలో దిండిగల్ ప్రాంతంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే 20 ఏళ్ల దళిత యువతి హత్యకి గురైంది. కేసు పెట్టింది ఆమె సూపర్‌వైజర్ మీద. దళిత మహిళలు ముందుండి నడిపే యూనియన్ ఏడాదికి పైగా పోరాడి, 2022లో ఆ కంపెనీతోనూ విదేశీ బ్రాండ్‌తోనూ ఒప్పందం మీద సంతకం పెట్టించింది. ఈ సంగతి తెలిశాక 199 రూపాయల టీషర్టు చూసి "భలే చవక" అనుకోగలమా? ఆ చవక ఎవరో ఒకరి కూలిలోంచి కోసిందే. బాబాసాహెబ్ బొమ్మ వెనక గుడ్డలో మన చెల్లెలి దోపిడీ ఉంటే, ఆ బొమ్మకి అర్థం ఏముంది?

మూడో ప్రశ్న: రాసింది నిజమేనా? తెలుగు పాఠం చెప్పేవాణ్ని కదా, ఇది వదల్లేను. బాబాసాహెబ్ ఎన్నడూ అనని మాటలు ఆయన సంతకంతో టీషర్టుల మీద తిరుగుతున్నాయి. ఆయన రచనలు, ప్రసంగాలు 1979 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాలుగా వేస్తూ వచ్చింది. తెలుగులోనూ దొరుకుతాయి. ఏ సంపుటం, ఏ పేజీ అని అడగండి. చెప్పలేని లేబుల్ దగ్గర కొనకండి. వెక్కిరించేవాళ్లు "చదవరు" అంటున్నారు కదా, వాళ్ల నోరు మూయించే దారి కూడా ఇదే.

"సార్, ఇవన్నీ అడిగితే దొరికే టీషర్టు ఆరేడు వందలు ఉంటుంది. మా దగ్గర ఎక్కడివి?" అంటారు. న్యాయమైన ప్రశ్న. వంద ముక్కలు వేసేవాళ్లకి లక్ష ముక్కలు వేసేవాళ్ల ధర కుదరదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ప్రతి రంగుకీ ఒక స్క్రీన్ తయారుచేయాలి. పది ముక్కలకైనా వంద ముక్కలకైనా ఆ ఖర్చు ఒకటే. కాబట్టి లెక్క మనకి అనుకూలంగా తిప్పుకోవచ్చు. హాస్టల్లో నలభై యాభై మంది కలవండి. మీలో బొమ్మ వేసేవాళ్లు ఒకరు ఉంటారు, తప్పకుండా ఉంటారు. ఒకే రంగులో డిజైన్ చేయండి, నీలం మీద తెలుపు చాలు. ఎన్నికలప్పుడు పార్టీల టీషర్టులు ప్రింట్ చేసేవాడు మీ ఊళ్లోనే ఉంటాడు. గుడ్డ ఎక్కడి నుంచి తెస్తున్నాడో అడిగి, కూలి బేరం ఆడకుండా వేయించండి. ఆ రోజు మీ హాస్టల్ రూమే ఒక లేబుల్. మిగిలిన డబ్బుతో ఒక పుస్తకం కొని అందరూ చదవండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. టీషర్టు ఉద్యమం కాదు. నిజమే. ఉద్యమం అని ఏ పిల్లాడూ అనలేదు. అది ఒక హాజరు. క్లాసులో, బస్సులో, ఇంటర్వ్యూ బయట వరండాలో "నేనున్నాను, నేనెవరో దాచుకోను" అని చెప్పే హాజరు. రిజర్వేషన్ మాట వచ్చినప్పుడు తల దించుకుని కూర్చోవడం నేర్పిన చోట అది చిన్న పని కాదు. దాన్ని తిరగేసి వేసుకోమనే హక్కు ఏ లెక్చరర్‌కీ లేదు. దాన్ని లాభానికి అమ్ముకునే హక్కు ఏ సవర్ణ దుకాణానికీ మనం రాసివ్వలేదు.

వేసుకోండి. అడిగి కొనండి. బొమ్మ పైకే కనిపించేలా వేసుకోండి.

మీ కాలేజీల్లో డ్రెస్ కోడ్ పేరుతో ఏం జరుగుతోందో రాయండి. మీ పేరు బయటపెట్టను. వచ్చే వారం వాటి మీదే మాట్లాడుకుందాం.

జై భీమ్.