వాగు లెక్క ఎవరు రాయాలి?

తెలుగు కవిత్వంలో వాగు ఎక్కువగా చచ్చిపోయాకే కనిపిస్తుంది. చిన్నప్పుడు అందులో ఈదిన కవి పెద్దయ్యాక ఊరికొచ్చి చూసి, నురగ కక్కుతున్న నల్లనీళ్ళని మంచాన పడ్డ తల్లితో పోలుస్తాడు. మనం చదివి, మనసు బరువెక్కిందనుకుని, పేజీ తిప్పేస్తాం. ఈ పద్యాల్లో కొన్ని నిజంగా బావుంటాయి. కానీ ఏది చదివినా ఆ వాగులో ఎవరు, ఏం, ఎప్పుడు వదిలారో తెలీదు. 'వాగు చచ్చిపోయింది' అంటే సరిపోతుంది, కర్త అక్కర్లేదు. 'వాగుని చంపారు' అంటే మాత్రం ఎవరని అడగాల్సొస్తుంది.

కవిత్వంలో పీహెచ్ విలువలు రాయమని నేనడగటం లేదు. నా గొడవ పాఠకులతో. వాగు గురించి మనకి దుఃఖం ఉంది గానీ సమాచారం లేదు. అది లేకపోవడం మనకి పెద్ద లోటుగా కూడా అనిపించడం లేదు.

పటాన్‌చెరు దగ్గర నక్కవాగు సంగతి చూద్దాం. అక్కడి పారిశ్రామికవాడ వ్యర్థజలాలు ఇసకవాగు మీదుగా నక్కవాగులోకి, అక్కణ్ణించి మంజీరలోకి వెళ్ళేవి. పంటలు పోతున్నాయనీ బావినీళ్ళు రంగు మారాయనీ రైతులు ఎప్పణ్ణించో మొత్తుకుంటున్నారు. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ విషయం మీద పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ వేసిన పిటిషన్ సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకి, అక్కణ్ణించి హరిత ట్రిబ్యునల్‌కి తిరిగింది. ఆ కేసు వయసు దాదాపు నా వయసంత.

ఇంత జరిగాక, 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక వ్యాసం అచ్చేసింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధయ్యి బయటికొస్తున్న నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేల్చింది. అంటే రోజుకి సుమారు 45 కిలోలు. దాదాపు 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్‌లో 5 రోజుల్లో వాడేంత మందు ఇక్కడ ఒక్క రోజులో నీళ్ళపాలవుతోందన్నమాట. ప్రపంచం ఉలిక్కిపడింది.

మన అధికారిక పరీక్షలకి అది ఎందుకు దొరకలేదు? జాబితాలో లేదు కాబట్టి. మన పరీక్షలు బీఓడీ, సీఓడీ, పీహెచ్, టీడీఎస్ చూస్తాయి. యాంటీబయాటిక్ కోసం ఎవరూ వెతకలేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకి పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి.

ఇక్కడ నిపుణులు ఒక మాటంటారు: 'ఊళ్ళోవాళ్ళు సిప్రోఫ్లాక్సాసిన్‌ని కొలవగలరా? దానికి పెద్ద ల్యాబు కావాలి. ఈ పని మాకు వదిలేయండి.' మొదటి సగం నిజమే. రెండో సగమే తప్పు. మా సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పడిపోతే ముందు అలర్ట్ మోగుతుంది. ఎందుకు పడిపోయిందో అలర్ట్‌కి తెలియదు, తెలియక్కర్లేదు. అది మోగితేనే తెలిసినవాడు లేచొస్తాడు. ఊరి మనిషి చెయ్యగలిగిందీ, చెయ్యాల్సిందీ ఆ అలర్ట్ పనే.

లెక్క కూడా చూడండి. ఏడాదికి 8,760 గంటలు. బోర్డు ఒక చోట నెలకోసారి శాంపిలు తీసిందనుకుందాం (చాలా చోట్ల అంత తరచుగా కూడా తియ్యరు). అంటే ఏడాది మొత్తంలో 12 క్షణాలు. వానపడే రాత్రి ఒక ట్యాంకరు వాగులోకి ఖాళీ అయితే, నీటి విద్యుత్ వాహకత ఒక్కసారిగా పెరిగి, తెల్లారేసరికి మళ్ళీ తగ్గిపోవచ్చు. ఆ 12 క్షణాల్లో అది పడే అవకాశం ఎంత? వాగు పక్కనే ఉండే మనిషి చేతిలో కొన్ని వేల రూపాయల మీటరు ఉంటే పడుతుంది. వాసన చూసే ముక్కు ఎలాగూ ఉంది.

ఊళ్ళోవాళ్ళకి కొలవడం రాదని ప్రభుత్వం కూడా అనలేదు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి కిట్ల వాడకం నేర్పించి, కుళాయి నీళ్ళు పరీక్షించమంటోంది. వాళ్ళ ఫలితాలు ప్రభుత్వ పోర్టల్లో ఎక్కుతాయి. అదే మనిషి అదే చేత్తో వాగు నీళ్ళు పరీక్షిస్తే ఆ ఫలితానికి చోటెక్కడ? కుళాయి దగ్గర నమ్మకస్తురాలైన అక్క, వాగు దగ్గరికొచ్చేసరికి నమ్మలేని మనిషి ఎలా అయింది?

చట్టం చూస్తే, 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం శాంపిలు సాక్ష్యంగా చెల్లాలంటే బోర్డు మనిషే తియ్యాలి, ఫ్యాక్టరీవాళ్ళకి నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వెయ్యాలి. 49వ సెక్షన్ కింద మామూలు పౌరుడు కూడా కోర్టుకెళ్ళచ్చు, కానీ ముందు బోర్డుకి 60 రోజుల నోటీసివ్వాలి. 60 రోజుల్లో వాగులోంచి ఎంత నీరు పోతుందో చెప్పక్కర్లేదు. ఇంకోపక్క, 2014 నుంచి ఫార్మా సహా 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోవాలని కేంద్ర బోర్డు ఆదేశం. ఆ మీటర్లు కొనేదీ, నడిపేదీ పరిశ్రమే. లాగ్ రాసేవాడూ తప్పు చేసే వీలున్నవాడూ ఒకడే అయితే, మా ఆఫీసులో ఏ ఆడిటరూ ఒప్పుకోడు. 'ఊరివాళ్ళకి కక్ష ఉంటుంది, వాళ్ళ లెక్క నమ్మలేం' అనేవాళ్ళు లాభమున్నవాడి లెక్కని ఎందుకు నమ్ముతున్నారో కూడా చెప్పాలి.

అందుకని నేనడిగేది చిన్నది. ఊరి లెక్కని శిక్ష వెయ్యడానికి సాక్ష్యంగా తీసుకోవద్దు. అమెరికాలో వర్జీనియా చట్టం పౌరుల నీటి పరీక్షలని ప్రోత్సహిస్తూనే, వాటిని శిక్షాచర్యల్లో సాక్ష్యంగా వాడకూడదంటుంది. సరే, అలాగే కానివ్వండి. కానీ ఊరి మీటరు ఒక హద్దు దాటితే 24 గంటల్లో బోర్డు మనిషొచ్చి చట్టప్రకారం శాంపిలు తియ్యాలి. తియ్యకపోతే ఎందుకు తియ్యలేదో రాతపూర్వకంగా చెప్పాలి. ఊరి మీటరు సరిగ్గా ఉందో లేదో నెలనెలా ప్రభుత్వ ల్యాబే సరిచూడచ్చు.

ఎడమవైపు మిత్రులు దీనికి గట్టి అభ్యంతరమే చెబుతారు. కాపాడాల్సింది ప్రభుత్వం, ఆ బరువు జనం నెత్తిన ఎందుకని. నిజమే, జీతం లేని కాపలా ఎవరి మీదా రుద్దకూడదు. కొలిచినవాళ్ళకి కూలి ఇవ్వాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. రీడింగు రాసే అమ్మాయి అన్న అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తూ ఉండచ్చు. కాబట్టి లాగ్ బుక్కు పంచాయతీ పేరున ఉండాలి, బయట మనిషి పేరు కనపడకూడదు. ఇవన్నీ తీర్చగలిగిన చిక్కులు. అయితే కొలిచే పని కూడా వద్దంటే, మిగిలేది మళ్ళీ ఆ 12 క్షణాలే.

ఇక మనం, సాహిత్యం చదివేవాళ్ళం, చెయ్యగలిగింది ఒకటుంది. ఏ ఫ్యాక్టరీ నడవాలన్నా బోర్డు అనుమతిపత్రం ఉంటుంది. ఎంత వ్యర్థజలం, ఎలాంటిది, ఎక్కడికి వదలచ్చో అందులో రాసుంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది. ఆ వాగు పక్కన రైతుకి తన పొలం మీదుగా ఏం పారడానికి అనుమతుందో చదివే వీలు లేదు. మనలో రష్యన్ కథల్నీ లాటిన్ అమెరికన్ నవలల్నీ తెలుగు చేసినవాళ్ళున్నారు. పదేసి పేజీల అనుమతిపత్రాలు మనకో లెక్క కాదు. మీ ఊరి వాగు మీద ఉన్న ఫ్యాక్టరీది ఒకటి సంపాదించి, ఆ రైతుకి అర్థమయ్యే తెలుగులో రాసి పంచాయతీ గోడకి అంటించండి. తర్వాత పద్యం రాసినా, అందులో కర్త ఉంటాడు.