వేలంపాటలో మతం అడిగే అధికారం ఎవరిది?

వేలంపాటలో నిలబడడానికి మనిషికి కావలసినవి మూడే: ధరావతు సొమ్ము, షరతులకు అంగీకారం, పాడిన ధర చెల్లించగల స్తోమత. గ్రామ పంచాయతీ వారపు సంతను వేలం వేసినా, పురపాలక సంఘం దుకాణ సముదాయాన్ని వేలం వేసినా ఇదే రివాజు. ఈ మూడింటికీ నాలుగవ అర్హతగా మతాన్ని చేర్చిన ప్రభుత్వోత్తర్వు ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో వెలువడిందన్న సంగతి మనం మరచిపోరాదు.

అది 2015 నవంబరు 9 నాటి జి.ఓ. ఎం.ఎస్. నం. 426. దేవాదాయ సంస్థలకు చెందిన దుకాణాల లీజు వేలంలో హిందువులు కానివారు పాల్గొనరాదన్నది దాని సారాంశం. శ్రీశైలంలో దశాబ్దాలుగా దుకాణాలు నడుపుకుంటూ, యాత్రికులకు సేవలందిస్తూ, దేవస్థానానికి అద్దె చెల్లిస్తూ వచ్చిన ముస్లిం వ్యాపారులు ఒక్క కలం పోటుతో అనర్హులయ్యారు. వారు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరులో అక్కడ చుక్కెదురైంది. సుప్రీం కోర్టు స్టే ఇచ్చిన తరువాత కూడా వేలం నుంచి తమను మినహాయించారంటూ వారు కోర్టు ధిక్కార పిటిషన్ వేయవలసి వచ్చింది. చివరకు 2021 డిసెంబరు 17న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎ.ఎస్. బోపన్నల ధర్మాసనం స్పష్టమైన ఆదేశమిచ్చింది. కేవలం మతం కారణంగా ఎవరినీ వేలంలో పాల్గొనకుండా గానీ, లీజు పొందకుండా గానీ మినహాయించరాదని పేర్కొంది. ఆలయ పరిసరాల్లో మద్యం అమ్మరాదంటే అర్థముంది గానీ, పూలు, బొమ్మలు కూడా అమ్మరాదంటే ఎలాగన్న ప్రశ్న ఆనాటి విచారణలో ధర్మాసనం నుంచే వచ్చింది.

ఈ నిషేధాన్ని సమర్థించేవారు ధార్మిక సంస్థల స్వేచ్ఛను ముందుకు తెస్తారు. ఆ స్వేచ్ఛను మనమూ గౌరవిస్తాం. గర్భగుడిలో అర్చన ఎవరు చేయాలి, ప్రసాదం ఎవరు వండాలి అన్నవి వారి ధార్మిక విషయాలు. అందులో మనకు జోక్యం లేదు, ఉండరాదు. ధార్మిక సంస్థలో పదవి ఆ మతస్థులకే చెందాలని చట్టం చేసుకోవడానికి రాజ్యాంగంలోని 16(5) అధికరణం అవకాశమిస్తుంది. అయితే గాజుల దుకాణం పదవి కాదు, అర్చన అంతకన్నా కాదు. అది వ్యాపారం. ఆస్తుల నిర్వహణ చట్టానికి లోబడి సాగాలని 26వ అధికరణమే చెబుతున్నది. ప్రభుత్వం నియమించిన అధికారి, ప్రభుత్వం రాసిన నిబంధనతో నిర్వహించే వేలానికి 14, 15 అధికరణాలు వర్తించకపోతే మరి దేనికి వర్తిస్తాయి?

ఈ జాడ్యం ఒక్క రాష్ట్రానికి పరిమితం కాలేదు. 2022 మార్చిలో కర్ణాటకలోని ఉడుపి జిల్లా కాపు మారిగుడి జాతరలో అంగళ్ల వేలం నుంచి ముస్లింలను దూరం పెట్టారు. ఆ ప్రాంతంలోని మరికొన్ని జాతరలూ అదే దారి పట్టాయి. ఆ రాష్ట్ర ప్రభుత్వం శాసనసభలో 2002 నాటి దేవాదాయ నిబంధనలను చూపి చేతులు దులుపుకొన్నది. రెండు రోజుల జాతరలో చెరుకు రసం బండి, బొమ్మల అంగడి పెట్టుకొని నాలుగు రూకలు సంపాదించుకొనేవాడికి ఆ వేలం ఏడాది పొడవునా ఎదురుచూసిన రోజీ. దానిని లాక్కోవడం అతని పిల్లల కంచం లాక్కోవడమే.

"మీ వక్ఫ్ దుకాణాలు మాకిస్తారా?" అని అడిగేవారున్నారు. ఇస్తున్నాం. వక్ఫ్ దుకాణాల్లో హిందూ సోదరులు తరతరాలుగా అద్దెకుంటున్న ఊళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2014 నాటి వక్ఫ్ ఆస్తుల లీజు నిబంధనలు ఏడాదికి మించిన లీజులకు పత్రికా ప్రకటన, పోటీ పాట ఉండాలంటాయే గాని, పాటదారుని మతం అడగవు. అలాగే ఉండాలి. అయితే ఇక్కడ మన ఇల్లు కూడా చక్కదిద్దుకోవాలి. ప్రకటన ఎవరికంటా పడకుండా చూసి, ముతవల్లీ బంధువులకే నామమాత్రపు అద్దెకు దుకాణం కట్టబెట్టే చోట, శ్రీశైలం వ్యాపారి తరఫున ఇన్సాఫ్ అడిగే నోరు మనకు పెగలదు.

సహాయం కోరి వచ్చిన ఒక పేద అన్సారీ ఇంట్లో ఉన్న గుడ్డను, గిన్నెను దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేశారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఒక దిర్హముకు అడిగినవారుండగా, అంతకన్నా ఎక్కువిచ్చేదెవరని అడిగి రెండు దిర్హములకు అమ్మి, ఒకదానితో ఇంటికి తిండి, మరొకదానితో గొడ్డలి కొనిపించి అతనిని కట్టెలు కొట్టుకొని బ్రతికే స్వతంత్రునిగా నిలిపారు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచే దొంగపాటను నిషేధించినదీ వారే. ఒక మనిషికి జీవనోపాధి నిలబెట్టిన వేలాన్ని, జీవనోపాధి కూల్చే ఆయుధంగా మార్చడాన్ని మనం మౌనంగా చూడలేము.

కనుక మన డిమాండ్లు సూటిగా ఉండాలి. మతాన్ని అర్హతగా పెట్టే ప్రతి నిబంధననూ ప్రభుత్వం ఉపసంహరించుకోవాలి. పంచాయతీ, పురపాలక, దేవాదాయ, వక్ఫ్ వేలాలన్నింటి ప్రకటనల్లోనూ మత వివక్ష ఉండదన్న షరతు అచ్చుకావాలి. పాటదారుల జాబితా, పాడిన మొత్తాలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. కార్యకర్తలు వేలం ముగిశాక వాపోవడం మాని, ప్రకటన వెలువడిన రోజే దాని ప్రతి సంపాదించాలి. అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ధరావతు తీసుకోవడానికి నిరాకరిస్తే ఆ నిరాకరణను కాగితం మీద పెట్టమని అడగాలి. న్యాయస్థానంలో నిలిచేది ఆ కాగితమే.

మధ్యంతర ఉత్తర్వు తుది తీర్పు కాదు. శ్రీశైలంలో తెరుచుకున్న ఆ తలుపు మళ్లీ మూతపడకుండా కాపు కాయవలసింది మనమే.