కర్నూలు ఉల్లికి ముందు కావలసింది గిడ్డంగి కాదు, రాబడి లెక్క

కర్నూలు మార్కెట్ యార్డులో 2019 డిసెంబరు మొదటి రోజుల్లో ఉల్లి క్వింటాలు పది వేల రూపాయలు దాటి పలికింది. 2025 సెప్టెంబరులో అదే యార్డులో సరుకు కొన్ని వందల రూపాయలకు దిగజారింది. మొదటి సందర్భంలో వినియోగదారులు గగ్గోలు పెట్టగా ప్రభుత్వం ఉల్లి కొని రైతు బజార్లలో కిలో 25 రూపాయలకు అమ్మించింది. రెండో సందర్భంలో రైతులు గగ్గోలు పెట్టగా మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు 1,200 రూపాయల వంతున కొనుగోలు చేయించింది. అదీ చాలక ఆ నెలలోనే హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. ఈ చర్యలన్నీ అవసరమైనవే. అయితే అన్నీ దెబ్బ తగిలిన తరువాత చేపట్టినవే కావడం గమనార్హం.

ఉల్లి రాత్రికి రాత్రి పుట్టుకొచ్చే సరుకు కాదు. విత్తనం వేసిన నాటి నుంచి గడ్డ పీకే దాకా, రకాన్ని బట్టి, నేరుగా విత్తారా నారు పోసి నాటారా అన్నదాన్ని బట్టి, మూడున్నర నుంచి నాలుగున్నర నెలలు నేలలోనే ఉంటుంది. అన్ని నెలలు అందరి కళ్లెదుటే పెరిగిన పంట యార్డు గేటు దగ్గర హఠాత్తుగా ప్రత్యక్షమైనట్లు ప్రతి ఏడూ అధికారులు, వర్తకులు, రైతులు కలిసి ఆశ్చర్యపడటమే అసలు విడ్డూరం.

గిడ్డంగుల మాట

ధర పడిన ప్రతిసారీ వినిపించే డిమాండు శీతల గిడ్డంగులు కట్టించాలన్నది. వినడానికి ఇది సబబుగానే ఉన్నా, కర్నూలు సరుకు స్వభావం తెలిసినవారు దీనిని అంత సులభంగా ఒప్పుకోరు. దేశంలో పండే ఉల్లిలో సుమారు 70 శాతం రబీ పంట. అది ఎండాకాలం ముఖంలో చేతికి వస్తుంది, బాగా ఆరుతుంది, గాలి ఆడే కొట్టాల్లో నాలుగైదు నెలలు నిలుస్తుంది. మహారాష్ట్రలో నాసిక్ ప్రాంతపు బలమంతా ఈ సరుకే. కర్నూలు జిల్లాలో పండేది ప్రధానంగా ఖరీఫ్ ఉల్లి. అది వానల్లోనే ఊరుతుంది, తరచు వానల్లోనే పీకవలసి వస్తుంది. గడ్డలో నీరెక్కువ, మెడ పచ్చిగా ఉంటుంది. అలాటి గడ్డను ఎంత మంచి గిడ్డంగిలో పెట్టినా రబీ గడ్డ నిలిచినంత కాలం నిలవదు.

నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో బాబా అణుపరిశోధన కేంద్రం 2002లో వికిరణ కేంద్రాన్ని నెలకొల్పింది. స్వల్ప మోతాదులో గామా కిరణాలు తాకిస్తే ఉల్లి మొలకెత్తడం ఆగిపోతుంది. ఇది నిరూపితమైన విద్య. కాని అది ఆపేది మొలకను, కుళ్లును కాదు. తడి గడ్డకు పట్టిన కుళ్లుకు ఆ కిరణాలు మందు కావు. నాసిక్ రబీ సరుకుకు పనికివచ్చిన యంత్రాన్ని కర్నూలు ఖరీఫ్ సరుకుకు తెచ్చి తగిలిస్తే ఖర్చు మిగులుతుందే గాని ఫలితం మిగలదు.

మరో చిక్కు కూడా ఉంది. కర్నూలు ఉల్లి బజారుకు వచ్చే ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే నాసిక్‌లో దాచిన రబీ సరుకు కూడా బయటకు వస్తుంది. కర్ణాటక ఖరీఫ్ పంట కూడా ఆ ప్రాంతంలోనే మొదలవుతుంది. 2025లో కేంద్రం నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థల ద్వారా 3 లక్షల టన్నుల నిల్వ సేకరించి, సెప్టెంబరు 4న ఢిల్లీ, ముంబై, అహ్మదాబాద్ నగరాల్లో సంచార వాహనాల ద్వారా కిలో 24 రూపాయలకు అమ్మకం ప్రారంభించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కర్నూలు యార్డులో మార్క్‌ఫెడ్ కొనుగోళ్లు నడుస్తున్నాయి. ఒక ప్రభుత్వం ధర తగ్గించడానికి సరుకు వదులుతుంటే, మరో ప్రభుత్వం ధర నిలబెట్టడానికి సరుకు కొంటున్నది. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. ఒకరి లెక్క మరొకరి ముందు లేకపోవడమే లోపం.

నిన్నటి ధర, రేపటి రాబడి

సాంకేతిక పరిజ్ఞానం మార్కెట్లకు రాలేదని కాదు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ ప్రారంభమైంది. దేశంలో ఏ యార్డులో ఏ సరుకు ఎంత పలికిందో నేడు పల్లెలోని రైతు కూడా సెల్‌ఫోనులో చూసుకోగలడు. అయితే ఫోనులో కనిపించేది నిన్నటి ధర. గడ్డ పీకించాలా, రెండు రోజులు ఆగాలా, లారీని కర్నూలుకు తిప్పాలా, తాడేపల్లిగూడెం పంపాలా, హైదరాబాదు మలక్‌పేట తోలాలా అని తేల్చుకోవలసిన రైతుకు కావలసింది రేపటి రాబడి. నిన్నటి ధర చూసి ఊరంతా ఒకే యార్డుకు బయలుదేరితే, తెల్లవారేసరికి ఆ ధర ఉండదు. మంచి ధర వార్తే మంచి ధరను చంపుతుందన్న మాట.

రేపటి రాబడి చెప్పగల పుస్తకం రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. అదే ఈ-పంట నమోదు. ఏ సర్వే నెంబరులో ఎవరు ఏ పంట వేశారో గ్రామస్థాయి సిబ్బంది పొలానికి వెళ్లి ఫొటోతో సహా నమోదు చేస్తారు. పంటల బీమాకు, పెట్టుబడి రాయితీకి, ప్రభుత్వ కొనుగోళ్లకు ఈ నమోదే ఆధారం. అనగా, నష్టం జరిగాక ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చడానికి ఈ లెక్కను వాడుతున్నారు. నష్టం రాకముందు వాడటం లేదు.

విత్తిన తేదీకి పంట కాలం కలిపితే, ఏ మండలం సరుకు ఏ వారంలో యార్డుకు వస్తుందో ఉజ్జాయింపుగా తేలుతుంది. జులై చివరికల్లా ఈ పట్టిక తయారు చేయవచ్చు. నమోదులో తప్పులుంటే ఉపగ్రహ చిత్రాలతో సరిచూడవచ్చు. వానాకాలంలో మబ్బులు అడ్డమన్న మాట నిజమే గాని, మబ్బుల గుండా చూడగల రాడార్ ఉపగ్రహాలు ఉన్నాయి. పదిరోజులకొకసారి పట్టికను సవరించి యార్డులో, రైతు సేవా కేంద్రంలో, సెల్‌ఫోనులో అందరికీ ఒకేసారి ప్రకటించడమే మిగిలిన పని.

లెక్కతో ఏమి ఒరుగుతుంది?

మొదటిది, కొనుగోలుదారులు. సెప్టెంబరు రెండో వారంలో కర్నూలుకు సరుకు ముంచెత్తనున్నదని నెల ముందే తెలిస్తే, పొరుగు రాష్ట్రాల వర్తకులు మనుషులను పంపుకోగలరు. రైల్వేవారు వ్యాగన్లు కేటాయించగలరు. 2024 అక్టోబరులో నాసిక్ నుంచి 1,600 టన్నుల ఉల్లితో ఒక రైలు ఢిల్లీ చేరింది. 2020 సెప్టెంబరులో పొరుగున అనంతపురం నుంచే పండ్లతో కిసాన్ రైలు ఢిల్లీ వెళ్లింది. బండి నడపడం అసాధ్యం కాదని దీనివల్ల తెలుస్తున్నది. అయితే రైలు నిండేంత సరుకు ఏ తేదీకి సిద్ధమో ముందుగా చెప్పగలిగితేనే బండి వస్తుంది. కేంద్రం వద్ద కూడా ఈ పట్టిక ఉంటే, నిల్వ సరుకును ఏ వారం వదలాలో, ఏ వారం ఆపాలో ఆలోచించుకోవడానికి వీలుంటుంది.

రెండవది, యార్డు గేటు. లారీలు బారులు తీరి, వానలో సంచులు తడిసి, వేలం మరునాటికి వాయిదా పడితే కొనేవాడు అడిగినంతకు ఇచ్చి పోవడం తప్ప రైతుకు గత్యంతరం లేదు. 2024 నవంబరు నుంచి రాష్ట్రంలో ధాన్యం అమ్మకానికి వాట్సాప్ ద్వారా తేదీ, సమయం ఎంచుకునే ఏర్పాటు చేశారు. నిలవ ఉండే ధాన్యానికి చేసిన ఏర్పాటు, నిలవ ఉండని ఉల్లికి ఇంకా ఎక్కువ అవసరం కదా!

మూడవది, ఆరబెట్టడం. ఖరీఫ్ గడ్డకు ఆకు తీసి, మెడ ఎండేదాకా నీడలో, గాలిలో కొన్ని రోజులు ఉంచడమే పెద్ద మందు. దీనికి శీతల గిడ్డంగి అక్కరలేదు. పైకప్పు, గాలి, అవసరమైతే ఒక ఫ్యాను చాలు. ఐదారు నెలల నిల్వ కోసం కోట్లు పోసే బదులు, ఒక పది రోజులు తట్టుకునే శక్తి రైతుకు కల్పిస్తే బేరంలో అతని మాటకు విలువ వస్తుంది. సైజు తక్కువ గడ్డలను ముక్కలు చేసి ఎండబెట్టే మార్గం కూడా ఉంది. కల్లూరు మండలం తడకనపల్లెలో మహిళలు సౌర డ్రైయర్లతో ఉల్లి, టమాటా ముక్కలు ఎండబెట్టి చూపించారు. ఏ వారం ఎంత సరుకు మిగలనున్నదో తెలిస్తే ఇలాటి యూనిట్లు కూడా ముందుగానే ఆర్డర్లు చేజిక్కించుకోగలవు.

కడప నేర్పిన పాఠం

లెక్క చేతిలో ఉంటే ఏమవుతుందో కడప జిల్లాలో ఒకసారి రుజువైంది. అక్కడి కృష్ణాపురం ఉల్లి, అనగా వ్యవహారంలో కె.పి. ఉల్లి, చిన్న గడ్డ, ఘాటు మెండు. మన వంటిళ్లలో దానికి గిరాకీ లేదు. మలేషియా, సింగపూర్, థాయిలాండ్, హాంకాంగ్, శ్రీలంక దేశాలే దాని బజారు. 2020 సెప్టెంబరు 14న కేంద్రం ఉల్లి ఎగుమతులన్నీ నిషేధించినప్పుడు ఈ గడ్డ కూడా ఆ వలలో చిక్కింది. దేశంలో ఎవరూ తినని సరుకును ఆపినందువల్ల ఢిల్లీలో ధర పైసా తగ్గదు. కడప రైతుకు మాత్రం ఉన్న ఒక్క బజారూ మూతపడింది.

అక్టోబరు 9న, అంటే 25 రోజుల తరువాత, బెంగుళూరు రోజ్, కృష్ణాపురం రకాలు ఒక్కొక్కటి 10,000 టన్నుల చొప్పున 2021 మార్చి 31 వరకు చెన్నై రేవు ద్వారా ఎగుమతి చేయడానికి కేంద్రం అనుమతించింది. సరుకు ఆ రకమేనని, ఇంత పరిమాణమని ఉద్యానశాఖ ధ్రువపత్రం ఉండాలని షరతు పెట్టింది. ఇది ఏ రకం, ఎక్కడ పండింది, ఎంత అని కాగితంపై నిరూపించగలిగిన సరుకుకే తలుపు తెరుచుకున్నదన్న మాట. ఆ రుజువు ముందే సిద్ధంగా ఉంటే 25 రోజుల నిరీక్షణ తగ్గించమని గట్టిగా అడగడానికి వీలుండేది. పొలం నుంచి రేవు దాకా సరుకు జాడ చెప్పగల నమోదు ఉండటం ఎగుమతి రైతుకు విలాసం కాదు, అదే అతని కవచం.

అభ్యంతరాలు

రాబడి లెక్క బయటపెడితే కొనేవారు ముందుగానే ధర దించేస్తారని కొందరి భయం. కాని పెద్ద వర్తకులకు ఏ ఊరిలో ఎన్ని ఎకరాలున్నదీ తమ మనుషుల ద్వారా ఈనాడే తెలుసు. తెలియనిది రైతుకు, దూరప్రాంతపు కొత్త కొనుగోలుదారుకు మాత్రమే. రహస్యం కొద్దిమంది చేతిలో ఉన్నంత కాలం అది వారికే లాభం. కొనేవారి సంఖ్య పెరిగితే వేలంలో పోటీ పెరుగుతుంది.

నమోదు నిక్కచ్చిగా ఉండదన్న విమర్శలో మాత్రం పస ఉంది. కౌలు రైతు పేరు ఎక్కకపోయినా, విత్తిన తేదీ పొలం చూడకుండా రాసినా, పట్టిక మొత్తం తప్పుదారి పడుతుంది. ఎంత మంచి కంప్యూటరైనా దానిలో వేసిన అంకెనే తిరిగి చెబుతుంది. కాబట్టి ఖర్చు పెట్టవలసింది కొత్త యాప్‌ల మీద కన్నా పొలం గట్టు దాకా వెళ్లే మనిషి మీద.

వానను ఈ లెక్క ఆపలేదన్నది కూడా నిజమే. ధరల హెచ్చుతగ్గులు పూర్తిగా పోవు. కాని కొనే దిక్కు లేక ఉల్లి చేను గొర్రెలకు వదిలేసే స్థితికి, తక్కువ ధరకైనా అమ్ముకోగలిగే స్థితికి చాలా తేడా ఉంది. కుళ్లి పారబోసిన ప్రతి బస్తాలోనూ కరువు సీమలో కష్టపడి తోడిన బోరు నీరు, కరెంటు, ఎరువు, లారీ డీజిలు కలిసి మట్టిపాలవుతున్నాయి.

వచ్చే ఖరీఫ్‌లో ఉల్లి విత్తనం నేలలో పడకముందే మార్కెటింగ్, ఉద్యాన, రెవెన్యూ శాఖలు కూర్చుని ఒక నిర్ణయం చేయాలి. ఈ-పంటలో ఉల్లి విత్తిన తేదీ తప్పనిసరి చేయాలి. ఆగస్టు 1 నాటికి కర్నూలు యార్డు నోటీసు బోర్డు మీద మండలాలవారీ, వారాలవారీ రాబడి అంచనా అతికించాలి. దాని ప్రతి రైల్వేకు, నాఫెడ్‌కు, పొరుగు యార్డులకు పంపాలి. మొదటి ఏడు అంచనా తప్పినా నష్టం లేదు, రెండో ఏడు సరిదిద్దుకోవచ్చు. హెక్టారుకు 50,000 రూపాయలు చెల్లించడానికి వెనుదీయని ప్రభుత్వానికి ఈ పాటి కాగితం పెద్ద భారం కాబోదు.