తప్తపాణిని ఇంటికి దెచ్చుకొనువారితో నొక మాట

ఇల్లు కట్టుకొనువారికి అడుగకుండ సలహా చెప్పుట మర్యాద కాదందురు. అడిగిన తరువాత నోరు మెదపకుండుట అంతకంటె తప్పు. ఇటీవల మన దిగపహండిలోను, బరంపురములోను క్రొత్త మేడలు లేపుచున్న తెలుగు కుటుంబములలో 'హాట్ టబ్బు' అను వేడినీటి తొట్టిని గూర్చిన ప్రస్తావన వినబడుచున్నది. పిల్లలు పరదేశములలో దానిని చూచి వచ్చి, మన మేడమీద నొకటి అమర్చుద మందురు. మోకాళ్ళనొప్పులతో బాధపడు తల్లిదండ్రులు ఆ మాటకు మెత్తబడుదురు. పదవీవిరమణనాడు వచ్చిన సొమ్ము బ్యాంకులో నున్నది గదా! ఈ విషయమై మమ్ములను అడిగినవారు కొందరు కలరు. మా సమాధాన మిది: మన ప్రాంతమున, మన ఇండ్లలో, ఆ తొట్టి మొదటి చలికాలమున ముచ్చట, మూడవ చలికాలమునకు భారము.

తొట్టి పక్షమువారి వాదమును ముందుగా న్యాయముగా చెప్పెదము. వేడినీటిలో మునిగి కూర్చున్న శరీరము తేలికపడును, కీళ్ళమీద బరువు తగ్గును, కండరములు సడలును, నిద్ర పట్టును. ఇది నిజమే. ఖర్చు ఒకేసారి, సుఖము జీవితమంతయు నని వారందురు. ఇది నిజము కాదు. మా తగవంతయు ఈ రెండవ మాటతోనే.

వేడినీటి స్నానమన నేమో తెలియనివారమా మనము? బరంపురమునుండి మన ఊరిమీదుగా పోవు త్రోవలో, బరంపురమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, మనకు అంతకంటె దగ్గరగా, కొండల నడుమ తప్తపాణి యున్నది. మన పిల్లలు చిన్ననాట ఆ పేరు విని నవ్వుచుందురు. తెలుగున పాణి యనగా చేయి, ఒడియాలో నీరు. అచ్చట గంధకపు వాసనగల వేడినీటి బుగ్గ భూమిలోనుండి ఊరుచున్నది. ప్రక్కనే కంధి దేవత గుడి. ఒడిషా పర్యాటకాభివృద్ధి సంస్థవారు అచ్చట పాంథనివాసము నడుపుచు, ఆ బుగ్గ నీటిని గొట్టములగుండ కొన్ని గదుల స్నానపు తొట్లలోనికి మళ్ళించిరి. గదిలోనే తొట్టి, తొట్టిలో కొండ వేడినీరు! మన ప్రాంతమున హాట్ టబ్బు అనదగినది ఏదైన నున్నచో అదియే. దానిని చూచి వచ్చినవారే ఇంట నట్టిది కావలెనని ఉబలాటపడుదురు.

కాని అచ్చటి తొట్టి వెనుక నున్న దేమి? నీటిని కాచునది భూగర్భము. దానికి బిల్లు లేదు. స్నానమైన వెంటనే ఆ నీరు పోవును, మరల క్రొత్తనీరు వచ్చును. కాచు ఖర్చు లేకుండుట, నిలువ నీరు లేకుండుట, ఈ రెండింటివలననే ఆ తొట్టి చెల్లుచున్నది. ఇంటి తొట్టికి ఈ రెండును లేవు. కాచువాడు గృహస్థు, నీరు నిలువ నీరు.

ఆ నురుగుల యంత్రము పుట్టుక కూడ తెలిసికొనదగినది. ఇటలీ నుండి కాలిఫోర్నియాకు పోయి నీటిపంపులు చేయుచుండిన జకూజీ సోదరులలో క్యాండిడో అను నాయన కుమారుడు పసితనముననే కీళ్ళవాతము బారిన పడెను. ఆసుపత్రిలో చేయించు జలచికిత్స ఇంటిలోనే జరుగవలెనని 1948లో ఆ తండ్రి స్నానపు తొట్టిలో దింపదగిన యొక పంపును చేసెను. 1956లో అది అంగళ్ళకు వచ్చెను. 1968లో ఆ కుటుంబమువాడే యైన రాయ్ జకూజీ పంపును తొట్టిలోనే ఇమిడ్చి విలాసవస్తువుగా నమ్మసాగెను. రోగియైన బిడ్డకొరకు తండ్రి చేసినపుడు అది నిత్యావసరము, నిత్యము వాడబడెను. విలాసముగా మారిన పిదప వాడుక మన ఇష్టమున బడెను. ఇష్టము ఋతువుతో మారునది.

ఇక లెక్క. ముప్పదియేండ్లకు పైగా లెడ్జర్లు వ్రాసిన చేయి గనుక ఈ భాగమును మేము వదలజాలము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోక్యాలరీ వలయును. 860 కిలోక్యాలరీలు ఒక యూనిటు విద్యుత్తుతో సమానము. నలుగురు కూర్చుండదగిన తొట్టిలో 1,200 లీటర్ల నీరనుకొందము. పుష్యమాసపు నీరు 22 డిగ్రీలు, కావలసినది 38. అనగా 16 డిగ్రీలు పెంచవలెను. 19,200 కిలోక్యాలరీలు, అనగా 22 యూనిట్ల పైచిలుకు. అదే ఒక మనిషి రెండు బాల్చీల నీటితో, 40 లీటర్లనుకొనుడు, తృప్తిగా స్నానము చేసిన ముప్పాతిక యూనిటు. తొట్టిని ఒకసారి నింపి కాచిన ఖర్చుతో ముప్పదిమంది స్నానము చేయవచ్చును. పెండ్లివారి విడిదికి సరిపోవును!

ప్రతిదినము నీరు మార్చరు, ఉన్న నీటినే వేడిగా నిలుపుదురు గదా యని తొట్టి పక్షమువా రందురు. సత్యమే. అయినను మూతలేని వేడినీటినుండి ఒక లీటరు ఆవిరియై పోయెనేని దానితో మూడింట రెండు పాళ్ళ యూనిటు వేడి పోవును. మూత యున్న తగ్గునేగాని పూర్తిగా నిలువదు. విద్యుత్తు వాడుక పెరిగినకొలది యూనిటు ధరయు పెరుగు నని మీటరున్న ప్రతి ఇంటికిని తెలిసినదే. సంవత్సరములో మనకు వేడినీరు ప్రియమగు నెలలెన్ని? కార్తికమునుండి శివరాత్రి వరకు. మిక్కిలి లాగిన నాలుగు నెలలు. తక్కిన ఎనిమిది నెలలు, అందును వైశాఖ జ్యేష్ఠములలో సముద్రపు ఉక్కతో ఒడలు తడిసి ముద్దయగునపుడు, ఆ తొట్టివంక చూచుటకే చెమట పట్టును. ఆ కాలముననే బావులలో నీరు అడుగంటుటయు కద్దు. 1,200 లీటర్ల నీరు మేడమీద నూరక నిలిపి, క్రింద వీధికుళాయికడ బిందె వరుసలో బెట్టు గృహిణిని మేము ఊహింపజాలకున్నాము. మేడమీద ననుట గుర్తున్నదా? ఆ నీటి బరువు 1,200 కిలోలు. మనుష్యుల బరువు దానికి అదనము. స్లాబు వేసిన మేస్త్రీని ముందుగా నడిగినవా రెందరు?

ఇవన్నియు డబ్బు మాటలు. డబ్బున్నవారు కాదనవచ్చును. అసలు మాట మరియొకటి కలదు.

నిలువ నీటి తొట్టికి మొదటి నియమము, దానిలో దిగువారి ఒంటికి నూనె యుండరాదు. నూనె పడిన వడపోత పూడుకొనును, నీటిమీద జిడ్డు తేలును, క్రిములను చంపుటకు వేసిన క్లోరిను త్వరగా ఖర్చగును. సున్నిపిండి, కుంకుడుకాయ పులుసుల మాట చెప్పనే అక్కరలేదు. మనము వేడినీటిని ఎప్పుడు కోరుదుము? దీపావళి తెల్లవారుజామున, భోగినాడు, ఉగాదినాడు, బాలింతరాలికి, పురిటి బిడ్డకు, క్రొత్త అల్లునికి. వీటన్నిటికిని ముందు నూనె, తరువాత నలుగు, ఆ తరువాతనే నీరు. కనుక తెలుగింటికి వేడినీరు తప్పనిసరియైన దినములన్నియు ఆ తొట్టికి సెలవు దినములే! తొట్టి యజమాని భోగినాడు మరల బాల్చీయే వెదకుకొనవలెను. ఇంతకంటె విడ్డూర మేమున్నది?

1936 ఏప్రిలు 1వ తేదీన గంజాము మదరాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినది. నాటినుండి మన బడులు మారినవి, కచ్చేరి భాష మారినది, మన మనుమల వ్రాత మారినది. నాయనమ్మ అరచేత నూనె పోసికొని మాడుపై నద్ది దీవించు తలంటి మాత్రము మారలేదు. దానికి సర్కారు ఉత్తరువు గాని, పాఠ్యపుస్తకము గాని అక్కరలేకపోయెను. ఆ దీవెన మాటలు మన పిల్లలు వినెడి తెలుగులో చివరి తెలుగు కాగల ఇండ్లు కొన్ని కలవు. స్నానపుగది కట్టునపుడు దీనిని లెక్కలోనికి దీసికొనుడని మేము కోరుచున్నాము.

శాస్త్రము మాట యన్నచో, వాగ్భటుని అష్టాంగహృదయము అభ్యంగమును నిత్యకృత్యములలో చేర్చినది. కంఠము దిగువ భాగమునకు వేడినీరు బలము నిచ్చుననియు, తలపై పోసిన వేడినీరు కన్నులకు, కేశములకు బలము తగ్గించుననియు చెప్పినది. నేటి వైద్యులును తొట్టి నీరు 40 డిగ్రీలు మించరాదనియు, గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు వైద్యు నడుగక దిగరాదనియు, గర్భిణులు మానుట మంచిదనియు చెప్పుచున్నారు. అనగా ఎవరికొరకు కొనుచున్నామో ఆ అరువది దాటిన తల్లిదండ్రులే చాలవరకు జాగ్రత్తపడవలసినవారు.

ఇక నిలువ నీటి అపాయము. 1999 ఫిబ్రవరిలో నెదర్లాండ్సునందలి బోవెన్‌కార్స్పెల్ గ్రామమున పుష్పప్రదర్శనము జరిగెను. అందు అమ్మకమునకై బుడగలు చిమ్ముచు నుంచిన తొట్టినుండి లెజియనెల్లా అను సూక్ష్మజీవి తుంపరలగుండ వ్యాపించి, ముప్పదిమందికి మించి ప్రాణములు గోల్పోయిరి. వారు తొట్టిలో దిగినవారు కారు, ప్రక్కనుండి నడచిపోయినవారు! గోరువెచ్చని నిలువ నీరే ఆ జీవికి పుట్టినిల్లు. క్లోరిను సరిగా వేసి, దినదినము పరీక్షించి, వడపోత కడిగినచో భయము లేదు. ఈ దినదినము అను మాటయే చూడుడు. మొదటి నెల యజమాని కొలుచును. ఆరవ నెల పనివానికి చెప్పును. రెండవ యేట ఎవరును కొలువరు.

మా యెరుకలోని యొక గృహస్థు ముచ్చటపడి కొన్ని లక్షలు పోసి తొట్టి నమర్చెను. మొదటి సంక్రాంతికి బంధువులందరు వచ్చి చూచిరి. మేమును చూచితిమి, కాఫీయు త్రాగితిమి. బావినీటి ఉప్పు పేరుకొని రెండేండ్లు తిరుగకముందే కాగుతీగ కాలిపోయెను. ఇచ్చట బాగుచేయువాడు లేడు. దూరపు నగరమునుండి వచ్చిన మరమ్మతుదారు రానుపోను ఖర్చులు, బస ముందుగా పుచ్చుకొని, విడిభాగము దొరకదని చెప్పి పోయెను. నేడు ఆ తొట్టిలో ఎండుకొబ్బరికాయ లున్నవి. ఎలుకలు చేరవు, అదొక్కటే మేలని ఆ ఇల్లాలు నవ్వుచు చెప్పినది. ఆ నవ్వు వెనుక ఆమె మోకాళ్ళు అట్లే యున్నవి.

మన తీరమునకు తుపానులు క్రొత్త గావు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురముకడ తీరము దాటినపుడు ఎన్నో గ్రామములలో చాల దినములు దీపము లేదు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినది. కరెంటు లేని తొట్టి మూడవ నాటికి దోమల చెరువు. ఆ దినములలో మనలను కాచినది బావిచేద, పొయ్యిమీది కాగు. రాగి కాగునకు మరియొక గుణము కలదు. మా తాతలనాటి కాగులు ముగ్గురు కోడండ్ర చేతులు మారినను నీరు కాచుచునే యున్నవి. చిల్లిపడిన కంచరి అతుకు వేయును. పనికిరానినాడు తూకమునకు పోయును, రాగిధర చేతికి వచ్చును. పాతబడిన ప్లాస్టిక్ తొట్టిని తీసికొనిపోవువానికి మనమే కూలి యీయవలెను. కాలము గడచినకొలది విలువ నిలుచునది ఏదో చెప్పుటకు ఇంతకంటె లెక్క యేల?

మేము తొట్టియన్న మాటనే ద్వేషించుచున్నామని తలపవలదు. జపానువారి ఇండ్లలో వేడినీటి తొట్టి తరతరములుగా నున్నది. వారు వెలుపల ఒడలు శుభ్రముగా కడిగికొని, ఇంటిల్లిపాది ఒకరి తరువాత నొకరు అదే నీటిలో మునుగుదురు. మిగిలిన నీటితో బట్టలు నుతుకువారును కలరు. చలిదేశము, నిత్యపు వాడుక, అలవాటైన క్రమము, వారికది చెల్లును. అట్లే వైద్యుడు జలచికిత్స నిత్యము చేయుమని చెప్పిన రోగి యింట నున్నచో, నీరు కొలుచుటకు ఓపికగల మనిషి యున్నచో, ఆ ఇంటిని మేము తప్పుపట్టము.

తక్కినవారు ఆ సొమ్ములో పదియవవంతుతో చేయదగిన దున్నది. స్నానపుగదిని పెద్దలకు అనుకూలముగ వెడల్పుగా కట్టుడు. జారని బండలు పరచి, గోడకు పట్టుకొనుటకు కడ్డీ బిగించి, కూర్చుండి నూనె రాచుకొనుటకు మోకాలెత్తు తిన్నె వేయుడు. మేడమీద సౌరశక్తితో నీరు కాచు పెట్టె యొకటి పెట్టుడు. మన చలికాలమున మబ్బులు తక్కువ, ఎండ ధారాళము. మబ్బుపట్టిన నాటికి కాగు నుండనే యున్నది. మునిగి కూర్చుండవలెనన్న కోరిక తీరనిచో, ఏటికి రెండుమారులు ముసలివారిని బండిలో నెక్కించుకొని తప్తపాణికి పొండు. పులిహోర మూట కట్టుకొనుట మరువకుడు. ఇంటి స్నానపునీరు పోవు కాలువను మాత్రము అరటిపాదులకు తీయించుడు. ఈ మధ్య మేస్త్రీలు అడుగకుండనే దానిని వీధి మురుగులోనికి త్రిప్పివేయుచున్నారు.